బొలేరోకు ఇంటి దగ్గరే ట్రైలర్ హిచ్ బిగించుకోవచ్చా?

బంగారుపాళ్యం తోట

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. బంగారుపాళ్యం దగ్గర ఒక తోతాపురి మామిడి తోట, మొగిలి ఘాట్ ఎక్కిన తర్వాత పలమనేరు వైపు ఇంకొక చిన్న తోట ఉన్నాయి. పూత సమయంలో తేనెమంచు పురుగుకో బూడిద తెగులుకో మందు కొట్టవలసి వచ్చినప్పుడు ట్రాక్టరును బాడుగకు పిలవడం, అది ఇంకొకరి తోటలో పని ముగించుకుని మన దగ్గరికి వచ్చేసరికి సగం పూత మాడిపోవడం ఏటా జరుగుతున్నదే. అందువల్ల ఈసారి రెండు చక్రాల చిన్న ట్రైలర్ మీద 500 లీటర్ల డ్రమ్ము, పవర్ స్ప్రేయరు పెట్టుకుని నా బొలేరోతోనే లాక్కుని పోదామని అనుకుంటున్నాను.

ట్రైలర్‌ను బండి వెనక తగిలించే హిచ్ ఒకటి, బోల్టులతో బిగించేది, తెప్పించాను. వెనక అడ్డంగా ఒక చతురస్రపు గొట్టం, దానికి రెండు వైపులా ఛాసిస్‌ను పట్టుకునే మందపాటి పట్టీలు, మధ్యలో ట్రైలర్ ముక్కు కప్పు కూర్చునే 50 ఎంఎం బాలు (ఇనుప గుండు) ఉన్నాయి. నిన్న బండి కిందికి దూరి పట్టీలను ఆనించి చూస్తే కుడివైపు రంధ్రాలన్నీ ఛాసిస్ రంధ్రాలతో కలిశాయి గానీ, ఎడమవైపు వెనక రెండు రంధ్రాలు దాదాపు అర అంగుళం తేడాతో నిలిచిపోయాయి. మా వీధి చివర ఉన్న వెల్డింగ్ షాపు వారిని అడిగితే, బోల్టుల గొడవ ఎందుకు, నేరుగా ఛాసిస్‌కే వెల్డింగ్ చేసేస్తే జన్మలో ఊడదు అన్నారు.

ఆ మాట వినాలా, లేక ఛాసిస్‌కు కొత్త రంధ్రాలు వేసుకోవాలా? ఇంటి దగ్గర నాకు జాకీ, పానాల సెట్టు, డ్రిల్లు మిషను ఉన్నాయి. ట్రైలర్ లైట్లకు కరెంటు ఎక్కడినుంచి తీసుకోవాలో, దారిలో పోలీసులు ఆపితే ఏ కాగితాలు చూపించాలో కూడా తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

ఆటోనగర్ పానా

వెల్డింగ్ మాట వినకండి. మీ బొలేరోకు నిచ్చెన ఆకారపు ఛాసిస్ ఉంది కనుక హిచ్‌కు అది చాలా అనుకూలమైన బండి. కానీ ఆ ఛాసిస్ పొడుగు కమ్మీల మీద ఇష్టం వచ్చిన చోట వెల్డింగ్ పెడితే, వేడి తగిలిన గీత వెంబడి ఇనుము గుణం మారిపోయి, గతుకుల దారిలో పదే పదే ఊగినప్పుడు సరిగ్గా ఆ గీత దగ్గరే సన్నని పగులు మొదలవుతుంది. పైన రంగు ఉంటుంది కాబట్టి ఆ పగులు తొందరగా కంటికి కనిపించదు. లోపలివైపు కాలిపోయిన రంగు కింద తుప్పు పట్టడం అదనపు నష్టం. బోల్టు వదులైతే మీకు చప్పుడు వినిపిస్తుంది, మళ్లీ బిగించుకోవచ్చు. విడిపోవడానికి సిద్ధంగా ఉన్న వెల్డింగ్ ముందుగా ఏమీ చెప్పదు.

ఇక రంధ్రాల సంగతి. ఒకవైపు పూర్తిగా కలిసి, రెండోవైపు అర అంగుళం తేడా వచ్చిందంటే, రంధ్రాల మీద అనుమానపడే ముందు రెండు విషయాలు చూడండి. మొదటిది, కుడివైపు బోల్టులను గట్టిగా బిగించి ఎడమవైపు చూశారా అన్నది. హిచ్‌ను ఎక్కించేటప్పుడు రెండు వైపులా అన్ని బోల్టులనూ చేతివేళ్లతో రెండు మూడు చుట్లు మాత్రమే తిప్పి వేలాడదీయాలి. మొత్తం కలిసిన తర్వాతే ఒక్కొక్కటి బిగించాలి. రెండవది, ఎడమవైపు పట్టీకీ ఛాసిస్‌కూ మధ్య వేరే ఏదైనా ఇనుప ముక్క ఇరుక్కుని ఉన్నదేమో చూడాలి. ఇవి రెండూ కాకపోతే ఆ హిచ్ మీ బండి మోడలుకు చేసినది కాదని అర్థం, వాపసు చేసేయండి. అర అంగుళం పక్కన ఇంకో రంధ్రం వేస్తే రెండు రంధ్రాలు దాదాపు కలిసిపోయి, మధ్యలో మిగిలే ఇనుము దేనికీ పనికిరాదు.

ఎప్పుడైనా తప్పనిసరై ఛాసిస్‌కు రంధ్రం వేయవలసి వస్తే నిలువుగా ఉన్న పక్క గోడకు, ఎత్తులో నడిమికి వేయాలి. పై అంచుకు గానీ కింది అంచుకు గానీ వేయకూడదు, ఎందుకంటే బరువు పడినప్పుడు కమ్మీ వంగే ఒత్తిడి అంతా ఆ రెండు అంచులే మోస్తాయి. ఇంకొక సంగతి చాలామంది పట్టించుకోరు. కమ్మీ పెట్టెలాగా నాలుగు వైపులా మూసి ఉన్నచోట ఈ గోడనుంచి ఆ గోడకు పొడుగు బోల్టు వేసి బిగిస్తే, గోడలు రెండూ లోపలికి నొక్కుకుంటాయి. బోల్టు గట్టిగా ఉన్నట్టే అనిపిస్తుంది, నాలుగు రోజులకే వదులవుతుంది. అలాంటిచోట బోల్టు చుట్టూ లోపల ఒక ఉక్కు గొట్టం ముక్క సరిగ్గా కొలతకు కోసి పెట్టాలి. అప్పుడు బిగింపు ఒత్తిడి గోడల మీద కాకుండా ఆ గొట్టం మీద పడుతుంది.

బోల్టు తల మీద అంకెలు చూడండి. 8.8 అని ఉంటే చాలు, 10.9 అని ఉంటే ఇంకా మంచిది, ఏ అంకే లేని బోల్టు తలుపు గొళ్లేనికి తప్ప దీనికి పనికిరాదు. 8.8 లో మొదటి 8 అంటే తెగే బలం 800 మెగాపాస్కల్స్. చుక్క తర్వాతి 8 అంటే అందులో 80 శాతం వరకు, అంటే 640 వరకు, లాగి వదిలితే మళ్లీ పాత పొడవుకే వస్తుందని అర్థం. 12 ఎంఎం 8.8 బోల్టుకు సుమారు 80 న్యూటన్ మీటర్ల బిగింపు కావాలి. హిచ్‌తో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. చేతి అంచనాతో బిగించేవారిలో సగం మంది తక్కువ బిగిస్తారు, మిగతా సగం మంది మర తెంపుతారు, కనుక టార్క్ రెంచ్ (బిగింపు ఎంతో కొలిచి చూపే పానా) ఒకపూటకు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. ఛాసిస్ మీద ముందే ఉన్న నట్ల మరల్లో మట్టి, తుప్పు ఉంటాయి. ముందురోజు రాత్రే నూనె కొట్టి వదిలేసి, మర్నాడు వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, బోల్టు చేత్తో తిరుగుతున్నదని చూసుకున్న తర్వాతే పానా పెట్టండి.

జాకీ మీద ఎత్తిన బండి కింద పడుకోవద్దని మీకు చెప్పనక్కరలేదు గానీ, చెప్పకుండా ఉండలేను. బొలేరో ఎత్తయిన బండి, చాలావరకు ఎత్తకుండానే పని జరుగుతుంది. ఎత్తవలసి వస్తే ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ఛాసిస్ కింద స్టాండ్లు నిలబెట్టి, జాకీని వదిలేయండి.

బంగారుపాళ్యం తోట

మీరు చెప్పిన రెండో సంగతే నిజమైంది. వెనకటి యజమాని పెట్టించిన మడ్‌ఫ్లాప్ పట్టీ ఒకటి మట్టిలో కప్పుకుపోయి ఎడమ కమ్మీకి అతుక్కుని ఉంది. అది ఉన్నంతసేపు హిచ్ పట్టీ ఏటవాలుగా నిలబడడం వల్ల రంధ్రాలు పక్కకు జరిగినట్టు కనిపించాయి. దాన్ని తీసేసి, అన్నీ వదులుగా వేలాడదీస్తే ఎనిమిది బోల్టులూ డ్రిల్లు అవసరం లేకుండానే కూర్చున్నాయి. పట్టీ ఆనే చోట తుప్పు గీకేసి ప్రైమరు పూసి ఆరబెట్టాను. రేపు టార్క్ రెంచ్ దొరుకుతుంది.

చంద్రగిరి ఎర్టిగా

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నా ఎర్టిగాకు ఇలాంటిదే ఒకటి పెట్టుకుని బైకును తీసుకెళ్లే చిన్న ట్రైలర్ లాగవచ్చా? బరువు మూడు వందల కేజీలు కూడా దాటదు.

ఆటోనగర్ పానా

దానికి వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. వెనక బంపరు బిగించే చోట రేకు పలుచగా ఉంటుంది. ఆ మోడలు కోసమే లెక్క కట్టి తయారుచేసిన హిచ్, డిక్కీ అడుగున కమ్మీలకు కలిపి బిగించేది దొరికితే, పైగా ఓనర్స్ మాన్యువల్‌లో లాగగల బరువు రాసి ఉంటే అప్పుడు ఆలోచించండి. బొలేరో హిచ్‌ను మార్చి అతికించే ఆలోచన మాత్రం వద్దు. ఒక్క బైకు కోసమైతే చిన్న గూడ్స్ ఆటోకు బాడుగ ఇచ్చుకోవడం మేలని నా అభిప్రాయం.

చిత్తూరు వైరింగ్

లైట్ల గురించి నేను చెబుతాను. ఏడు పిన్నుల గుండ్రటి సాకెట్ కొనండి, దాని వరుస ఇలా ఉంటుంది: ఒకటి ఎడమ ఇండికేటర్, పసుపు వైరు, రెండు వెనక ఫాగ్ లైటు, నీలం, మూడు ఎర్త్, తెలుపు, నాలుగు కుడి ఇండికేటర్, ఆకుపచ్చ, ఐదు కుడి టెయిల్ లైటు, గోధుమ రంగు, ఆరు బ్రేక్ లైటు, ఎరుపు, ఏడు ఎడమ టెయిల్ లైటు, నలుపు. ట్రైలర్ వైపు ప్లగ్గును కూడా ఇదే లెక్కతో చేయించుకుంటే రేపు ఎవరి బండికి తగిలించినా పనిచేస్తుంది.

బండి టెయిల్ లైటు వైర్లను చెక్కి నేరుగా ముడివేయడం అందరూ చేసే పని. ఇండికేటర్ బల్బు ఒక్కొక్కటి 21 వాట్లు. ట్రైలర్ బల్బు కూడా చేరితే అదే సన్నని వైరులో కరెంటు రెట్టింపవుతుంది, ఇండికేటర్‌ను మినుకుమనిపించే ఫ్లాషర్ మీద కూడా భారం పడుతుంది. అందుకని బ్యాటరీ నుంచి ఫ్యూజుతో వేరే వైరు వెనక్కి తెచ్చి, ట్రైలర్ లైట్లకు దాని ద్వారా రిలే మాడ్యూలుతో (చిన్న సంకేతంతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చుతో) కరెంటు ఇవ్వాలి. బండి లైట్ల వైర్లు రిలేకు సంకేతం మాత్రమే ఇస్తాయి. లైట్లన్నీ కంప్యూటరు అధీనంలో నడిచే కొత్త బండ్లకైతే ఇది తప్పదు.

ఎర్త్ దగ్గరే తొంభై పాళ్లు చిక్కు వస్తుంది. బాలు ఇనుము, కప్పు ఇనుము, రెండూ తగులుతున్నాయి కదా అని తెల్ల వైరు వదిలేసేవారు ఉన్నారు. బాలుకు గ్రీజు పూస్తాం, ట్రైలర్ ఊగుతుంది, కరెంటుకు స్థిరమైన దారి ఉండదు. తెల్ల వైరును ఛాసిస్ మీద రంగు గీకిన చోట వాషరు వేసి బిగించండి. పని అయ్యాక ఒక పరీక్ష చేయండి: ఎడమ ఇండికేటర్ వేసి ఉంచి ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. తొక్కినప్పుడు ఇండికేటర్ మసకబారినా, వెలగకూడని టెయిల్ లైటు సన్నగా వెలిగినా తప్పు వేరెక్కడా వెతకవద్దు, ఎర్త్ సరిగా అందడం లేదు.

పాత ఆర్సీ

రవాణా వ్యవహారాలతో కొంత పరిచయం ఉన్నవాడిగా కాగితాల సంగతి రాస్తున్నాను. 1988 మోటారు వాహనాల చట్టంలో మోటారు వాహనం అనే మాటలోనే ట్రైలర్ కూడా కలిసి ఉంది. అంటే ఇంజను లేకపోయినా దానికి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి, ఇన్సూరెన్స్ కావాలి. 61వ సెక్షన్ ప్రకారం ట్రైలర్ నంబరు ట్రైలర్ పక్కన ఉండాలి, లాగుతున్న బండి నంబరు ట్రైలర్ వెనక ఉండాలి. కాబట్టి ట్రైలర్ కొనేటప్పుడే ఫారం 21 సేల్ సర్టిఫికెట్టు, ఫారం 22 తయారీదారు ధృవపత్రం ఇస్తారా అని అడగండి. ఇవ్వలేనివారి దగ్గర ఎంత చవకగా వచ్చినా కొనవద్దు, ఎందుకంటే అవి లేకపోతే రిజిస్ట్రేషన్ దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు.

ఇంటి దగ్గర పాత ట్రాక్టరు ట్రైలర్ ఉంది కదా, దాని కాగితాలు సరిపోతాయి కదా అని కొందరు అడుగుతుంటారు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో వ్యవసాయ ట్రైలర్‌కు ఇచ్చిన నిర్వచనంలోనే అది వ్యవసాయ ట్రాక్టరుకు తగిలించేది అని ఉంది. బొలేరో వెనక దాన్ని రోడ్డెక్కిస్తే ఆ కాగితాలు పనికిరావు.

హిచ్ విషయానికొస్తే, ఆర్సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 52వ సెక్షన్ చెబుతుంది. 2019 సవరణ తర్వాత అలాంటి ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. విప్పి తీసేయగలిగిన హిచ్‌ను చూసే కన్ను వేరు, ఛాసిస్‌కు వెల్డింగ్ చేసినదాన్ని చూసే కన్ను వేరు. పైన ఆటోనగర్ మిత్రులు వెల్డింగ్ వద్దన్నదానికి ఇది ఇంకొక కారణం. అయినా బిగించే ముందే ఆర్టీఓ ఆఫీసులో ఒక అర్జీ పెట్టి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. బాలు గానీ ట్రైలర్ ముందు భాగం గానీ నంబరు ప్లేటుకు అడ్డం రాకూడదు. ట్రైలర్ తగిలించనప్పుడు బాలు విప్పి బండిలో పెట్టుకోవడం అన్ని విధాలా మంచిది, వెనక నడిచేవారి మోకాలు కూడా క్షేమం.

ఒక మాట. మీ సొంత తోటలకు తీసుకెళ్లడం వేరు. పక్క తోటలవారికి బాడుగకు మందు కొడితే తెల్ల ప్లేటు బండిని డబ్బుకు తిప్పినట్టు అవుతుంది. ఆ ఆలోచన ఉంటే ముందే చెప్పి తగిన రిజిస్ట్రేషన్ చేయించుకోండి.

పులిచెర్ల మెకానికల్

అందరూ హిచ్ గురించి రాశారు, దాని మీద పడే బరువు గురించి ఎవరూ రాయలేదు. బొలేరో బోల్టులు ఎంత గట్టిగా ఉన్నా, ట్రైలర్ మీద సామాను తప్పు చోట పెడితే మొగిలి ఘాట్ దిగేటప్పుడు ట్రైలర్ తోక ఊపడం మొదలవుతుంది.

ట్రైలర్ ముక్కు బాలు మీద కొంత బరువుతో ఆనాలి. మొత్తం బరువులో సుమారు 10 నుంచి 15 శాతం అన్నది అమెరికాలో వాడే లెక్క. అంతకన్నా బాగా తక్కువైతే ట్రైలర్ పాములా ఊగుతుంది. మరీ ఎక్కువైతే బండి వెనక కుంగి, ముందు చక్రాల పట్టు తగ్గుతుంది. మీ ట్రైలర్‌కు నేనొక ఊహాలెక్క వేస్తాను. ఇరుసు నుంచి బాలు 2.5 మీటర్లు అనుకోండి. నిండు డ్రమ్ము 500 కేజీలు, దాని మధ్యభాగం ఇరుసుకు 15 సెంటీమీటర్లు ముందు. అప్పుడు బాలు మీద 500 ను 0.15 తో గుణించి 2.5 తో భాగిస్తే 30 కేజీలు. ఇంజను, పంపు కలిపి 60 కేజీలు. వాటిని చాలామంది పైపు లాక్కోవడానికి వీలని వెనక అంచున పెడతారు; ఇరుసుకు మీటరు వెనక అనుకుంటే అవి ముక్కును 24 కేజీలు పైకి ఎత్తుతాయి. ఫ్రేము సొంత ముక్కు బరువు 25 కేజీలు కలిపితే, డ్రమ్ము నిండుగా ఉన్నప్పుడు బాలు మీద 31 కేజీలు. మందు కొట్టడం అయిపోయి డ్రమ్ము ఖాళీ అయితే ఒక్క కేజీ. అంటే ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు మీ ట్రైలర్ బాలు మీద ఉన్నా లేనట్టే.

అవే 60 కేజీల ఇంజనును, పంపును ఇరుసుకు మీటరు ముందుకు జరపండి. నిండుగా ఉంటే 79, ఖాళీగా ఉంటే 49 కేజీలు వస్తాయి. ఫ్రేము 200 కేజీలు అనుకుంటే మొత్తం బరువు 760, దానికి 79 అంటే పదో వంతుకు కాస్త పైన. పైపు రీలు మాత్రం వెనక పెట్టుకోండి, అది తేలిక.

లెక్క నమ్మకుండా తూచి చూడండి. ఇంట్లో మనుషులు ఎక్కే త్రాసు చాలు. ట్రైలర్ చక్రాలకు అడ్డం పెట్టి, బాలు ఎత్తులోనే ముక్కు నిలిచేలా త్రాసు కింద దిమ్మెలు పేర్చి ముక్కును దాని మీద ఆనించండి. త్రాసు మీద అంత బరువు పెట్టడం ఇష్టం లేకపోతే మూడు అడుగుల చెక్క తీసుకుని, ఒక చివర ఇటుక మీద, ఇంకో చివర త్రాసు మీద ఉంచి, ఇటుకకు ఒక అడుగు దూరంలో ముక్కును ఆనిస్తే త్రాసు చూపినదానికి మూడు రెట్లు అసలు బరువు.

నీటి సంగతి ఇంకొకటి ఉంది. నిండు డ్రమ్ము కదలదు, ఖాళీ డ్రమ్ముకు బరువు లేదు, సగం నిండినదే ప్రమాదం. బ్రేకు తొక్కగానే రెండు వందల యాభై కేజీల నీరు ముందుకు దూకి మళ్లీ వెనక్కి వస్తుంది. మీ ట్రైలర్‌కు సొంత బ్రేకులు లేవు కదా. యూరప్‌లో బ్రేకు లేని ట్రైలర్ బరువు 750 కేజీలు దాటకూడదని, లాగే బండి బరువులో సగం కూడా దాటకూడదని నియమం. మీరు నిండు డ్రమ్ముతో ఆ గీత దాటిపోయారు. అందుకని నా మాటగా, డ్రమ్మును ఖాళీగా తీసుకెళ్లి తోటలో బోరు దగ్గరే నింపుకోండి, మిగిలితే అక్కడే వదిలేసి రండి. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరు. ఎక్కడైనా ట్రైలర్ ఊగడం మొదలైతే బ్రేకు మీదకు ఎగబడకుండా, స్టీరింగుతో సరిచేయాలని చూడకుండా, యాక్సిలరేటరు మీద కాలు మెల్లగా తీసేయండి.

బంగారుపాళ్యం తోట

అందరికీ కృతజ్ఞతలు. బంగారుపాళ్యం తోటలో బోరు ఉంది, పలమనేరు వైపు తోటలో డ్రిప్పు కోసం కట్టిన తొట్టి ఉంది. నీరు మోసుకెళ్లవలసిన అవసరమే లేదని ఇప్పుడు తోస్తోంది. ఇంజనును ముందుకు జరిపించమని ఫ్రేము చేసేవారికి చెప్పాను. ఫారం 21, 22 ఇవ్వగలరా అని అడిగితే ఆలోచిస్తున్నారు, ఇవ్వలేకపోతే ఇవ్వగలిగినవారి దగ్గరికే పోతాను. ఒక్క సందేహం మిగిలింది. హిచ్‌తో రెండు గొలుసులు వచ్చాయి. ఎంత పొడుగు ఉంచాలి, ఎక్కడ తగిలించాలి?

ఆటోనగర్ పానా

రెండు గొలుసులనూ ముక్కు కింద గుణకారపు గుర్తులా అడ్డదిడ్డంగా వేయాలి, ఎడమ గొలుసు కుడివైపుకు, కుడి గొలుసు ఎడమవైపుకు. ఒకవేళ కప్పు బాలు నుంచి జారితే ముక్కు నేలకు గుచ్చుకోకుండా ఆ గొలుసుల మీద పడుతుంది. పొడుగు ఎంతంటే, బండిని పూర్తిగా ఒకవైపు తిప్పినప్పుడు బిగుసుకోకూడదు, నేరుగా నిలబెట్టినప్పుడు రోడ్డుకు తగలకూడదు. తగిలించే ముందు ట్రైలర్ నేలకు సమాంతరంగా నిలబడుతున్నదా అని పక్కనుంచి చూడండి. బొలేరో ఎత్తు వల్ల ముక్కు పైకి లేచి ఉంటే బాలును కిందికి దించే వంపు పట్టీ దొరుకుతుంది, అది వేసుకోండి. మొదటిసారి కొద్ది దూరం లాగి వచ్చిన తర్వాత ఎనిమిది బోల్టులనూ టార్క్ రెంచ్‌తో మళ్లీ ఒకసారి చూడండి. గొలుసు కొక్కేలు మాత్రం బంపరుకు గానీ బాలు మెడకు గానీ తగిలించకండి, హిచ్ అడ్డ గొట్టానికి రెండు వైపులా ఉన్న చెవులకే తగిలించండి.